ముగ్గురికి చెప్పిన మాట

ఆడవాళ్ళ వార్డులో ఆరో నంబరు మంచం మీద ఉన్న కొర్లమ్మ, ఒక పక్క చేతికి ఇంజెక్షన్ ఎక్కుతుంటే ఇంకో పక్క చేపల గురించి మాట్లాడుతోంది.

"మీ ఇంట్లో కోనాం తింటారేటి పాపా? నా కాలు బాగవనీ, తెచ్చి పెడతాను. ముక్కలు కూడా నానే కోసి ఇత్తాను. నీ సేతులకి వాసన అంటదు."

"సరే పిన్నీ, ముందు చెయ్యి కదపకు," అంది ఫర్హానా నవ్వుతూ.

కొర్లమ్మది పాయకరావుపేట అవతల సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. మొగుడు కన్నారావు వేట నుంచి తెచ్చిన చేపలు గంపకెత్తుకుని తుని బజారుకెళ్ళి అమ్ముకొచ్చే మనిషి. వారం కిందట జెల్ల చేప ముల్లు పాదంలో దిగింది. పసుపు పెట్టుకుని పని చేసుకుంటూ పోయింది. ఐదో రోజుకి పిక్కదాకా వాచి, చెయ్యి వేస్తే కాలేలా తయారైంది. అచ్యుతాపురంలో బట్టల కంపెనీలో పని చేస్తున్న కూతురు లక్ష్మీకుమారి ఫోన్ చేసి, "అనకాపల్లి తీసుకుపో నాన్నా, అక్కడ పెద్ద ఆస్పత్రి ఉంది" అని పట్టుబడితే ఆ పొద్దున్నే తీసుకొచ్చాడు కన్నారావు.

ఫర్హానా ఆ ఆస్పత్రిలో నాలుగేళ్ళుగా స్టాఫ్ నర్సు. డాక్టరు రాసింది పెన్సిలిన్ జాతి మందు. ముందు ముంజేతి మీద టెస్ట్ డోస్ వేసి, గడియారం చూసుకుంటూ ఆగింది. చర్మం మీద ఏమీ లేవలేదు. అప్పుడే అసలు మందు ఎక్కించడం మొదలుపెట్టింది. చర్మం మీద ఏమీ కనపడకపోయినా లోపల విరుచుకుపడే అవకాశం ఉంటుందని చదువుకునే రోజుల్లో విన్న మాటే కానీ, ఎప్పుడూ కళ్ళారా చూడలేదు.

"ఒళ్ళంతా సీమలు పాకినట్టుంది పాపా," అంది కొర్లమ్మ.

ఫర్హానా ఆమె ముఖంలోకి చూసేసరికి పెదవులు ఉబ్బుతున్నాయి. సిరంజి లాగేసి పక్కన పడేసింది. కొర్లమ్మ ఏదో అనబోయింది, గొంతు రాలేదు. రెండు చేతులతో మెడ పట్టుకుంది. కళ్ళు మాత్రం ఫర్హానా మీదే ఉన్నాయి.

"డాక్టర్ గారిని పిలవండి!" అని అరిచి ఫర్హానా ఎమర్జెన్సీ ట్రే లాగింది. అడ్రినలిన్ ఉండవలసిన అర ఖాళీగా ఉంది. ఆ ఒక్క మందూ ఆ సమయానికి ఉంటే మనిషి బతుకుతుంది. ఫర్హానా పక్క అరలు వెతికింది, కింద పళ్ళెం వెతికింది, లేదు. రెండంతస్తులు మెట్లు దిగి మందుల కౌంటర్ దగ్గరికి పరుగెత్తింది. అక్కడ కూర్చున్నతను కంప్యూటర్ వైపు తిరిగి, "పేషెంట్ నంబర్ చెప్పండి సిస్టర్" అన్నాడు. ఆమెకు నంబరు గుర్తు రాలేదు. కౌంటర్ మీదుగా లోపలికి చెయ్యి పెట్టి ఫ్రిజ్ పక్కనున్న అడ్రినలిన్ డబ్బా లాక్కుని మళ్ళీ పైకి పరుగెత్తింది.

ఆమె వార్డులోకి వచ్చేసరికి డ్యూటీ డాక్టర్ దేవీప్రసాద్ కొర్లమ్మ గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కుతున్నాడు. హెడ్ నర్సు గంగాభవాని ఆమె నోటికి గాలి సంచి పట్టుకుని ఉంది. ఫర్హానా తెచ్చిన మందు ఎక్కించి, ముప్పావుగంట పాటు ఎవరికి తోచింది వాళ్ళు చేశారు. పదీ నలభైకి దేవీప్రసాద్ చేతులు తీసేశాడు.

అదే సమయానికి కన్నారావు ఇడ్లీ పొట్లం పట్టుకుని వార్డు గుమ్మంలోకి వచ్చాడు. మంచం చుట్టూ నిలబడ్డవాళ్ళను చూసి, ఏం అడగాలో తెలియక, "నిద్దరోయిందేటి?" అన్నాడు.

గంగాభవాని ఫర్హానాను భుజం పట్టుకుని నర్సుల గదిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది. "నువ్వు ఇక్కడి నుంచి కదలకు. అంతా నేను చూసుకుంటాను," అంది. ఆ మాట విని ఫర్హానాకు కొంచెం ఊపిరాడింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నరం దొరక్క తడబడుతుంటే, తన చెయ్యి మీద చెయ్యి వేసి నేర్పిన మనిషి గంగాభవాని. ఆమె చూసుకుంటానందంటే చూసుకుంటుంది.

మర్నాడు ఆస్పత్రి ముందు రెండు వ్యాన్ల నిండా కొర్లమ్మ ఊరి జనం దిగారని, పోలీసులు వచ్చి సర్దిచెప్పి పంపారని ఫర్హానాకు ఫోన్లో తెలిసింది. ఆమెను ఆ రోజు రావద్దన్నారు. మూడో రోజు మేనేజర్ రాజుబాబు కబురు పెట్టాడు.

ఆయన గదిలో దేవీప్రసాద్, గంగాభవాని అప్పటికే కూర్చుని ఉన్నారు. అప్పటిదాకా మాట్లాడుకుని తను రాగానే ఆపేసినట్టు అనిపించింది ఫర్హానాకు. రాజుబాబు కేస్ షీట్ ఆమె వైపు తిప్పి, వేలితో ఒక చోట చూపించాడు.

మొదటి పేజీలో, పైన కుడివైపు, ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలతో 'పెన్సిలిన్ పడదు' అని రాసి ఉంది. కింద దేవీప్రసాద్ పొట్టి సంతకం.

ఫర్హానా ఆ అక్షరాలను మళ్ళీ చదివింది. ఇంజెక్షన్ ఇచ్చేముందు ఆ పేజీ ఆమె చూసింది. మందు పేరు, మోతాదు ఆ పేజీలోంచే చూసి సిరంజిలోకి తీసుకుంది. పైన కుడివైపు ఏమీ లేదు. ఏమీ రాయని తెల్ల గడి. అది తనకు ఎంత బాగా గుర్తుందంటే, కళ్ళు మూసుకున్నా కనిపిస్తోంది.

"ఇది లేదు సార్," అంది.

"ఏది లేదు?"

"ఈ ఎర్ర అక్షరాలు. నేను చూసినప్పుడు లేవు."

"అడ్మిషన్ అప్పుడే రాశాను సిస్టర్," అన్నాడు దేవీప్రసాద్ బల్ల మీదున్న పేపర్ వెయిట్ వంక చూస్తూ. "మీరు గమనించలేదు."

"మరి పడదని రాసి, మళ్ళీ అదే మందు ఎందుకు రాశారు సార్?"

 రాజుబాబు మధ్యలో అందుకున్నాడు. "రోజుకి వందమందిని చూస్తారు, చెయ్యి జారుతుంది. అలాంటివి పట్టుకోవడానికే కదా నర్సులున్నది. భవాని గారూ, మీరు చెప్పండి. మీరు రౌండ్‌కి వెళ్ళినప్పుడు షీట్ మీద ఇది ఉందా లేదా?"

ఫర్హానా గంగాభవాని వైపు తిరిగింది. భయం వేయలేదు. ఆమె చెప్పబోయేది ఏమిటో తెలుసన్న ధీమా ఉంది.

"ఉంది," అంది గంగాభవాని.

ఫర్హానాకు కాసేపు ఆ మాట అర్థం కాలేదు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. రాజుబాబు ఏదో చెబుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి.  అప్పుడు గుర్తొచ్చింది: ఎమర్జెన్సీ ట్రేలో మందులు నింపించే బాధ్యత హెడ్ నర్సుది. తప్పంతా ఇంజెక్షన్ ఇచ్చిన చేతి మీద పడితే ట్రే సంగతి ఎవరూ అడగరు.

రాజుబాబు టైపు చేసిన కాగితం ముందుకు జరిపాడు. 'నా అజాగ్రత్త వల్ల, కేస్ షీట్‌లోని హెచ్చరిక చదవకుండా' అని మొదలైంది.

"సంతకం పెట్టమ్మా. పోలీసు కేసు దాకా పోనివ్వం. కొన్నాళ్ళు సబ్బవరంలో మన క్లినిక్‌లో చేద్దువుగాని. జనం మర్చిపోతారు."

"రేపు చెప్తాను సార్," అని ఎలాగో అని, బయటికి వచ్చింది.

గంగాభవాని మెట్ల దాకా వెనకే వచ్చింది. "నా మీద కోపం పెట్టుకోకు ఫర్హానా. నాకు ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది. నువ్వు చిన్నదానివి, ఎక్కడైనా బతికేస్తావు," అంది. ఫర్హానా తిరిగి చూడలేదు.

ఫర్హానా తండ్రి మౌలా సాహెబ్ బెల్లం మార్కెట్ వెనక వీధిలో పరుపులు కుడతాడు. కూతురు చెప్పిందంతా సూది పక్కన పెట్టి విన్నాడు. ఆయనకు కేస్ షీట్లు తెలియవు.

"వాళ్ళు రాసిన దాని కింద సంతకం పెట్టొద్దు బేటీ," అన్నాడు. "ఏం జరిగిందో నువ్వే రాయి. మొదటి నుంచీ గుర్తు చేసుకుని రాయి. దేన్నీ వదలొద్దు."

ఆమె కూర్చుని మూడు పేజీలు రాసింది. తెల్ల గడి గురించి, తర్వాత వచ్చిన ఎర్ర అక్షరాల గురించి, ఖాళీ అర గురించి, నంబరు అడిగిన కౌంటర్ గురించి రాసింది. రాస్తుంటే కోపానికి అక్షరాలు కాగితం వెనక్కి దిగిపోయాయి. రాశాక మొదటి నుంచీ చదువుకుంది. ఎక్కడా ఒక్క అబద్ధం లేదు. మూడు రోజుల్లో మొదటిసారి తన మీద తనకు నమ్మకం కలిగింది.

మర్నాడు పొద్దున ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళేసరికి, ముందు హాల్లో బెంచీ మీద కన్నారావు కూర్చుని ఉన్నాడు. ఆ బెంచీ పక్క వరసలో నాలుగు కుర్చీలు వదిలేసి, గోడ వైపు ముఖం పెట్టి లక్ష్మీకుమారి కూర్చుని ఉంది. ఇద్దరూ కలిసి వచ్చినవాళ్ళలా లేరు.

ఫర్హానా ఆగింది. తప్పించుకుని పోదామా అనిపించింది. తరవాత, తను ఏ తప్పూ చేయలేదు కదా అనుకుని దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్," అంది.

కన్నారావు తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. తిట్టలేదు. చేతిలోని ప్లాస్టిక్ కవరు విప్పి ఒక కాగితం తీశాడు.

"ఇదొకపాలి సదివి పెట్టమ్మా. ఆ దినం ఇచ్చేరు. అదో, ఆ గోడకాడున్న మా గుంట సదివింది. సదివిన కాడినించి నాతో మాటాడ్డం నేదు."

అది ఆస్పత్రి వాళ్ళు శవంతోపాటు ఇచ్చిన కాగితం. చివర్లో తెలుగులో రెండు వరుసలు: 'రోగికి పెన్సిలిన్ పడదన్న విషయం ముందుగా తెలిసి కూడా బంధువులు డాక్టర్లకు తెలియజేయలేదు.'

ఫర్హానా కాగితం మీది తేదీ చూసింది. చనిపోయిన రోజు, బంధువులు చెప్పలేదని రాశారు. ఊరి జనం వచ్చి గొడవ చేసిన మర్నాడు, డాక్టరు రాసే ఉంచాడని ఎర్ర సిరా పెట్టారు. మొదట చచ్చినామె మొగుడి మీద, అక్కడ నిలబడకపోతే తన మీద. రెండు కాగితాలూ ఒకే ఆస్పత్రివి. రెండూ ఒకదాన్నొకటి అబద్ధం అంటున్నాయి.

"మీరు చెప్పారా బాబాయ్?"

"సెప్పకేటమ్మా." కన్నారావు గొంతు పెంచలేదు. "ఎనిమిదేళ్ళ కిందట తునిలో సూదేత్తే దాని మూతి ఇంతలావున పొంగిపోనాది. ఆ డాక్టరుబాబు కాగితం మీద రాసిచ్చేడు, ఎక్కడికెళ్ళినా సూపించమని. ఆ కాగితం వానకి తడిసి ముద్దయిపోనాది. నాకు సదువు రాదు కదా, ఆ మందు పేరు మాత్రం నోటికి పట్టేసేను. పెన్సిలిను, పెన్సిలిను అనుకుంటానే ఉంటాను. ఆ దినం ముగ్గురికి సెప్పేను. అదో, ఆ కౌంటర్లో పిల్లకి సెప్తే, డాక్టరుగారికి సెప్పండి అంది. లోపల డాక్టరుబాబుకి సెప్పేను. ఆయన ఫోన్ మాటాడతా తలూపి, పైన వార్డులో సిస్టర్‌కి సెప్పు అన్నాడు. పైకొచ్చి సిస్టర్‌కి సెప్పేను."

"ఏ సిస్టర్‌కి?"

కన్నారావు ఆమె వైపు వింతగా చూశాడు. అడిగినందుకు ఆశ్చర్యపడ్డట్టు.

"నీకే కదమ్మా," అన్నాడు.

లేదు, అనడానికి ఫర్హానా నోరు తెరిచింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పూర్తి నమ్మకంతో, ఏ అనుమానమూ లేకుండా వచ్చింది. అంతలో నాలుగో నంబరు మంచం కళ్ళకు కట్టింది.

నాలుగో నంబరు ముసలమ్మకు సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎదురొస్తోంది. ఫర్హానా స్టాండు మీదికి చేతులెత్తి కొత్త సీసా తగిలిస్తోంది. బల్ల మీద ఫోన్ మోగుతోంది. వెనకనుంచి ఎవరో మగమనిషి "సిస్టరమ్మా, మా ఆడమనిషికి" అని ఏదో చెప్పబోయాడు. ఆమె వెనక్కి తిరగలేదు. "అవన్నీ డాక్టర్ గారు రాసుకుంటారు బాబాయ్. ఇది ఆడవాళ్ళ వార్డు, మీరు బయట కూర్చోండి," అంది. అతను ఇంకో మాటేదో అన్నాడు. ఒక్కటే మాట, రెండుసార్లు. ఆమె ఫోన్ ఎత్తింది.

రోజుకు ఇరవైసార్లు అనే మాట అది. ఎవరితో అన్నదీ గుర్తుండే మాట కాదు. అంచేత గుర్తు లేదు. మూడు పేజీలు రాసింది, మొదటి నుంచీ గుర్తు చేసుకుని రాసింది, తండ్రి దేన్నీ వదలొద్దంటే దేన్నీ వదల్లేదనుకుంది. అందులో ఇది లేదు.

బెంచీ చివర కూర్చుండిపోయింది.

లక్ష్మీకుమారి గోడ వైపు నుంచి తిరిగి చూస్తోంది. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన ముఖం. "ఆయన నీకు సెప్పేడా?" అని అడిగింది. "నిజం సెప్పు. మా నాన్న ఆ ఇడ్లీల గోలలో పడి మర్సిపోయి, ఇప్పుడు సెప్పేనంటన్నాడని ఊరంతా అంటన్నారు. నాను కూడా అన్నాను."

హాల్లో జనం వస్తున్నారు, పోతున్నారు. కౌంటర్లో అమ్మాయి ఎవరికో నంబరు రాసి ఇస్తోంది. ఒక్క మాట అంటే చాలు, ఫర్హానా రాసిన మూడు పేజీలూ అలాగే నిలుస్తాయి. సాక్షి ఎవరూ లేరు. చదువు రాని మనిషి మాట ఎవరూ పట్టించుకోరు. అదంతా ఆమెకు ఒక్క లిప్తలో తెలిసింది. తనకు అది అంత త్వరగా తెలిసినందుకే తన మీద తనకు భయం వేసింది.

"చెప్పాడు," అంది. "నేను వినలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు."

లక్ష్మీకుమారి చేతులు ఒళ్ళో పడిపోయాయి. ఫర్హానా మీదికి వస్తుందేమోనని కన్నారావు లేచాడు. ఆ పిల్ల రాలేదు. తండ్రి వైపు చూసింది, ముఖం చేతుల్లో దాచుకుంది. కన్నారావు నాలుగు కుర్చీలూ దాటి వెళ్ళి కూతురి తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

ఫర్హానా అక్కడే కూర్చుని నాలుగో పేజీ రాసింది. దాన్ని తీసి మూడు పేజీల పైన పెట్టింది. కన్నారావు కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని, తన పేజీలకు ఎదురు దుకాణంలో నకళ్ళు తీయించి మేనేజర్ గదిలోకి వెళ్ళింది.

రాజుబాబు మొదటి పేజీ చదువుతూనే తల పట్టుకున్నాడు. "నీకు మతి ఉందా? మేం పెట్టమన్న సంతకంలో షీట్ చదవలేదనే ఉంది. ఇందులో వాళ్ళు చెప్పినా వినలేదని నువ్వే రాసుకున్నావు. ఇది ఇంకా పెద్ద తప్పు కదా."

"అవును సార్."

"మరి దీనివల్ల నీకేం లాభం?"

"మీరు ఇచ్చినదాంట్లో నా తప్పొక్కటే ఉంది సార్. అదీ నేను చేసిన తప్పు కాదు. ఇందులో నాది నాకుంది, మిగతా వాళ్ళది వాళ్ళకుంది."

"ఇది బయటికి పోతే ఆస్పత్రి ఉండదు. నూటయాభైమంది బతుకుతున్నారు దీని మీద."

 ఫర్హానా ఆ నకలు ఆయన బల్ల మీదే వదిలి, ఇంకొకటి బయట కన్నారావు చేతికిచ్చి, మూడోది తీసుకుని ఆ మధ్యాహ్నమే జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకుంది. సాయంత్రానికి ఉద్యోగం పోయినట్టు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

విచారణ నెల తర్వాత జరిగింది. కార్యాలయంలో పొడుగు బల్లకు అటు ముగ్గురు అధికారులు, ఇటు అందరూ కూర్చున్నారు. కౌంటర్లో అమ్మాయి ఉద్యోగం మానేసిందని, ఎక్కడుందో తెలియదని ఆస్పత్రి తరఫు వాళ్ళు చెప్పారు. దేవీప్రసాద్ తనకు ఎవరూ ఏమీ చెప్పినట్టు గుర్తు లేదన్నాడు. గుర్తు లేకపోతే ఎర్ర సిరాతో ఎలా రాశారని అధికారి అడిగితే, ఆయన తన వకీలు వైపు తిరిగాడు. వకీలు ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆ తర్వాత ఆయన ఇంక నోరు విప్పలేదు. గంగాభవాని మాత్రం ట్రేలో అడ్రినలిన్ పద్దెనిమిది రోజులుగా లేదని, రెండుసార్లు అడిగినా కింద నుంచి రాలేదని ఒప్పుకుంది. ఎర్ర అక్షరాల గురించి అడిగితే, "నాకు తెలీదండి" అంది. ఉన్నాయనీ అనలేదు, లేవనీ అనలేదు. ఫర్హానా ఎదురుగానే కూర్చున్నా ఆమె వైపు చూడలేదు.

చివర్లో ఫర్హానా వంతు వచ్చింది. రాసింది చదవమన్నారు. అన్నిటికన్నా పైనున్న ఆ నాలుగో పేజీ సగందాకా చదివింది. ఆగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ చదివింది.

ఆర్నెల్ల పాటు ఆమె నర్సుగా పని చేయకూడదని ఉత్తర్వులు వచ్చాయి. దేవీప్రసాద్ మీద, ఆస్పత్రి మీద ఫిర్యాదు పైకి పంపారు. అది ఇంకా నడుస్తోంది. ఆస్పత్రి కూడా నడుస్తోంది. ఫర్హానా తండ్రి దుకాణంలో కూర్చుని పరుపుల గలేబులు కుడుతోంది. ఒక్కోసారి చేతిలో పని ఆపేసి కూర్చుండిపోతుంది. ఏమిటని మౌలా సాహెబ్ అడిగితే ఒకసారి చెప్పింది: "కన్నారావు బాబాయ్ నాకు చెప్పనే లేదు అనేసేదాన్ని అబ్బాజాన్. దాదాపు అనేసినట్టే. నోటి దాకా వచ్చింది. అన్నాక నేనే నమ్మేసేదాన్ని."

విచారణ జరిగిన రోజు బయటికి వచ్చాక, మెట్ల కింద కన్నారావు ఆగి ఉన్నాడు. లక్ష్మీకుమారి ఆటో మాట్లాడుతోంది.

"నిన్ను సూత్తే నాకు కోపమే వత్తంది అమ్మా," అన్నాడు ఆయన నెమ్మదిగా. "అది పోదు. పోయిందని నాను అబద్దం ఆడను."

"పోవద్దు బాబాయ్," అంది ఫర్హానా.

ఆయన ఆటో వైపు చూశాడు. "మా గుంట అన్నం వండి పెడతంది. మాటాడతంది," అన్నాడు. తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు. ఆటోలోంచి లక్ష్మీకుమారి "నాన్నా, బేగి రా" అని పిలిచింది. ఆయన వెళ్ళి కూతురి పక్కన కూర్చున్నాడు.